మేలుకొలుపు మాటలు

నిద్రించుచున్నవానిని లేపుట అంత సులభమైన పని కాదు. తల్లి ఒక విధముగా లేపును. తాత వేరొక విధముగా లేపును. “బడికి వేళయైనది” అన్నచో కన్ను తెరువని బాలుడు, “మేనమామ వచ్చినాడు” అన్నచో చాప చుట్టకయే వీథిలోనికి పరుగెత్తును. లేచినవాడు ఒక్కడే, లేచిన తీరు వేరు. చెవిలో పడిన మొదటి మాటయే ఈ భేదమునకు కారణము. కంప్యూటరులకును ఈ న్యాయము చెల్లునని నేను కొంత ఆలస్యముగా తెలిసికొంటిని. నేను గణితము బోధించి జీవించినవాడనే గాని యంత్రశాస్త్రజ్ఞుడను కాను. అయినను కన్నులార చూచినది చెప్పుటకు శాస్త్రజ్ఞుడే కానక్కరలేదు గదా!

మొదట ఆ నిద్రించువాడెవడో చెప్పవలెను. విద్యార్థులారా! మీలో కొందరు పైథాన్ అను ప్రోగ్రామింగు భాష పేరు వినియుందురు. నెదర్లాండ్స్ దేశీయుడైన గీడో వాన్ రాసమ్, ఆమ్‌స్టర్‌డామ్ నగరమున గణితమునకును కంప్యూటరు శాస్త్రమునకును ఏర్పడిన ఒక పరిశోధనాలయములో పనిచేయుచు, 1989వ సంవత్సరపు క్రిస్మస్ సెలవులలో ఈ భాషా నిర్మాణమునకు పూనుకొనెను. 1991లో దానిని లోకమునకు పంచిపెట్టెను. ఇంగ్లీషున కొండచిలువను పైథాన్ అందురు. కాని ఈ పేరు పామునుండి వచ్చినది కాదు. బ్రిటిషు టెలివిజనులో ప్రసిద్ధికెక్కిన ‘మాంటీ పైథాన్’ అను హాస్య కార్యక్రమమునుండి ఆయన దానిని గ్రహించెను. సెలవులలో పుట్టి, హాస్యగాండ్ర పేరు పెట్టుకొన్న భాష ఇంత గంభీరమైన పనులు చేయుట నాకు ముచ్చటగా తోచును.

ఆ భాషలో మనము వ్రాసినది కంప్యూటరునకు తిన్నగా అర్థము కాదు. నడుమ నొక దుబాసీ కావలెను. పూర్వము దొరలకును మనవారికిని మధ్య నిలిచి ఒకరి మాట మరియొకరికి తెలియజెప్పిన దుబాసీలను గూర్చి మీరు చరిత్రలో చదివియుందురు. పైథానునకును అట్టివాడొకడు కలడు. ఇంగ్లీషువారు వానిని ఇంటర్‌ప్రెటర్ అందురు. వాడును ఒక ప్రోగ్రామే. యంత్రపు నిల్వలో నిద్రించుచుండును. పిలిచినప్పుడు లేచి, మన వ్రాతను చదివి, యంత్రముచేత పని చేయించును. పిలుచుటకు రెండు మార్గములు కలవు. బొమ్మను నొక్కి ‘ఐడిల్’ అను కిటికీని తెరచుట ఒకటి. అది పైథానుతో కూడ వచ్చునది. క్రొత్తగా నేర్చుకొనువారికి అనువైనది. టెర్మినల్ అను కిటికీలో పేరు వ్రాసి పిలుచుట రెండవది. నాకు రెండవదియే ఇష్టము. బొమ్మను నొక్కినను వాడు లేచును, నిజమే. కాని లేచునప్పుడు వాని చెవిలో ఒక మాట వేయుటకు అంత సులభముగా వీలు చిక్కదు.

పిలుపు అన్ని యంత్రములలోను ఒక్కటి కాదు. కంప్యూటరును లోపలినుండి నడపు నిర్వాహక వ్యవస్థను ఆపరేటింగ్ సిస్టము అందురు. లినక్స్, విండోస్, మాక్ అను మూడును మనకు తరచుగా కనబడునవి. లినక్సులో ‘పైథాన్3’ అని అంకెతో కలిపి పిలుచుట వాడుక. ఆ అంకెకు ఒక కథ కలదు. 2008లో ఈ భాష మూడవ రూపము వెలువడినది. అది రెండవ రూపముతో పూర్తిగా పొసగలేదు. ఆ కారణమున అన్నదమ్ములిద్దరును ఒకే ఇంట వేరు పొయ్యిలు పెట్టుకొని చాల యేండ్లు కాపురము చేసిరి. ఒట్టి పేరుతో పిలిచినచో అన్న పలుకుచుండెను గనుక, తమ్ముని అంకె చేర్చి పిలువవలసి వచ్చెను. 2020 జనవరి 1వ తేదీతో అన్నగారి పోషణ ముగిసినది. అయినను తమ్ముని పేరు వెంట అంకె నిలిచియే పోయినది. మాక్ యంత్రములలోను చాలకాలము ఆ అన్నయే ఉండెను, 2022లో 12.3వ రూపము వచ్చినప్పుడు అతనిని తొలగించిరి. విండోసులో పి, వై అను రెండే అక్షరముల పిలుపు కలదు. ఇది 2012లో పైథాన్ 3.3తో వచ్చినది. ఇంట పలువురు పైథానులున్నచో వారిలో ఎవ్వరిని లేపవలెనో ఈ పిలుపే నిర్ణయించును. పైథాన్ లేని క్రొత్త విండోస్ యంత్రములో పూర్తి పేరు వ్రాసి పిలిచినచో, ప్రోగ్రాములు దొరకు అంగడి కిటికీ తెరచుకొనును. “మీరు పిలిచినవాడు ఇంట లేడు, కావలసినచో తెచ్చుకొనుడు” అని దాని భావము.

పేరు వ్రాయగనే యంత్రము వానిని ఎట్లు కనుగొనును? దానియొద్ద ఒక వీథుల జాబితా యుండును. దానిని ‘పాత్’ అందురు. తపాలా బంట్రోతు వీథి వెంట వీథిగా తిరిగినట్లు యంత్రము ఆ జాబితాలోని ఫోల్డరులను వరుసగా వెదకి, ఆ పేరుతో మొదట కనబడినవానిని లేపును. లినక్సులోను మాక్‌లోను ఈ వీథుల నడుమ కోలను గుర్తు నుంతురు. విండోసులో సి, డి అను డ్రైవుల పేర్ల వెంట కోలను ముందే స్థిరపడియుండుటచే, అచ్చట సెమికోలను వాడవలసి వచ్చినది. ఏటవాలు గీత సంగతియు నిట్టిదే. 1969లో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్సు సంప్రదాయమున ఫోల్డరుల పేర్ల నడుమ గీత కుడివైపునకు వాలును. విండోసునకు పూర్వజుడైన ఎం.ఎస్.డాస్‌లో ఆ గీతను అప్పటికే వేరొక పనికి, అనగా ఆజ్ఞల వెంట చేర్చు మాటలకు, వాడుచుండిరి. 1983లో అందు ఫోల్డరులు ప్రవేశించునప్పటికి ఆ పీట ఖాళీ లేదు. కావున ఎడమకు వాలిన గీతను తీసికొనిరి. ఎప్పటిదో ఆ పీటల తగవు నేటికిని మన వ్రేళ్లను తికమక పెట్టుచున్నది.

ఇక పేరు వెంట చేర్చు మాటలను గూర్చి చెప్పెదను. వీనిని ఆప్షనులు అందురు. నేను మేలుకొలుపు మాటలందును. ఒక అడ్డుగీత, దాని వెంట ఒక అక్షరము, అంతియే. పెద్ద ‘వి’ చేర్చినచో దుబాసీ తన రూపసంఖ్య చెప్పి మరల నిద్రించును. చిన్న ‘సి’ చేర్చి ఒక పంక్తి వ్రాసినచో ఆ పంక్తిని మాత్రము నెరవేర్చి పోవును. చిన్న ‘ఐ’ చేర్చినచో ప్రోగ్రాము ముగిసిన పిమ్మటను వెళ్లిపోక, “ఇంకేమైన అడుగుదురా?” అన్నట్లు ఎదుటనే నిలిచియుండును. తప్పులు వెదకువారికి ఇది మిక్కిలి ఉపకారి. అదే ‘ఐ’ పెద్ద అక్షరమైనచో అర్థమే మారిపోవును: ఇంటివారు చేసియుంచిన అమరికలను పట్టించుకొనక, చుట్టుపట్ల ఫోల్డరులవైపు చూడక, ఏకాంతముగా పని చేయుమని. ఈ పెద్ద ‘ఐ’ 2014లో 3.4వ రూపముతో వచ్చినది. అక్షరము పెద్దదైనంతనే సంసారి సన్యాసి యగుట నాకు మొదట నవ్వు తెప్పించినది.

ఇంతవరకు వినోదము. ఈ మాటలపై రెండేండ్ల కష్టము ఆధారపడియున్న ఒక సందర్భమును చెప్పెదను.

మా మండలమున ఒక గ్రంథాలయము కలదు. దాని గ్రంథపాలకుడు నాకు చిరకాల మిత్రుడు. ఆయన మూడువేలకు పైబడిన పుస్తకముల పేర్లను, రచయితల పేర్లను, ఏ పుస్తకము ఎవరియొద్ద నున్నదో ఆ వివరములను, రెండేండ్లపాటు సాయంకాలములందు కూర్చుండి ఒక్కొక్కటిగా తెలుగు అక్షరములతో కంప్యూటరులోనికి ఎక్కించెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలుగు గ్రంథాలయములకై మనవారు పడిన శ్రమ నెరిగినవారికి ఈ పని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులో చదువుకొనుచున్న ఆయన మనుమరాలు ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాము వ్రాసి యిచ్చెను. అది ఆ జాబితాను చదివి, గడువు దాటినను తిరిగి రాని పుస్తకములను ఏరి, అకారాది క్రమమున వేరొక ఫైలులో వ్రాసిపెట్టును. కంప్యూటరులో తెలుగు అక్షరములకిచ్చిన సంఖ్యల వరుస ఇంచుమించు మన వర్ణమాల వరుసయే గనుక అకారాది క్రమమునకై ఆమె వేరుగా శ్రమపడవలసిన పని లేకపోయెను.

ఆ అమ్మాయి లినక్స్ కంప్యూటరులో ప్రోగ్రాము చక్కగా నడచినది. గ్రంథాలయములోనిది విండోస్ యంత్రము. అందున్నది పైథాన్ 3.10వ రూపము. అచ్చట బొమ్మను నొక్కగా ఒక నల్లని కిటికీ మెరుపువలె మెరసి మాయమయ్యెను. పేరు వ్రాసి పిలువగా దుబాసీ లేచి, 129వ సంఖ్యగల బైటును తాను చదువజాలనని ఇంగ్లీషున నాలుగు పంక్తులు చెప్పి నిష్క్రమించెను. ఎన్నిమారులు పిలిచినను అదే మాట.

అప్పటికి మిత్రుని పదవీవిరమణమునకు పదునొక్క దినములు మాత్రమే మిగిలియుండెను.

“మాస్టారూ! తెలుగు దీనికి సరిపడదట. పేర్లన్నియు ఇంగ్లీషు అక్షరములలో మార్చి వ్రాయుమని చెప్పుచున్నారు. ఈ పదునొక్క దినములలో అగునందురా?” అని ఆయన నన్నడిగెను.

“అయినను మార్చవలదు. ‘కల’ అను పుస్తకమును ‘కళ’ అను పుస్తకమును అప్పుడెట్లు వేరు చేయుదురు?” అంటిని.

“‘కాల’మును కూడ చేర్చుకొనుడు. మూడును ఒక్కటే యగును” అని ఆయన నవ్వెను. ఆ నవ్వులో సంతోషము లేదు. బల్లపైనున్న పాత రిజిస్టరు అట్టను చేతితో నిమురుచు చాలసేపు మాటలాడకుండెను. క్రొత్తగా వచ్చువారికి ఆ రిజిస్టరు నొక్కదానినే అప్పగించి పోవలసివచ్చునేమో యని ఆయన బాధ.

శనివారము నాడు మనుమరాలు వచ్చెను. ఆ పిల్ల బుద్ధి నాకు నచ్చినది. పెద్ద జాబితాతో పెనుగులాడక, ఒక చిన్న ఫైలులో ‘రామ’ అని మాత్రము వ్రాసి, దానిని చదివి తెరపై చూపుమని దుబాసీని కోరెను. వాడు ఈసారి అలుగలేదు. కాని తెరపై నిలిచినది రాముడు కాడు. తలపై చిన్న గీతగల ఇంగ్లీషు ‘ఎ’ అక్షరములు, ఉష్ణోగ్రతకు వాడు డిగ్రీ సున్నలు, ముప్పాతిక భిన్నము, వ్యాపారపు పేర్ల ప్రక్కనుండు వలయములోని ‘ఆర్’ అక్షరము — వెరసి తొమ్మిది గుర్తులు వరుసగా నిలిచినవి. ‘సీత’ అని వ్రాయగా ఆ పేరు నడుమ ఐరోపావారి యూరో నాణెపు గుర్తు ప్రత్యక్షమయ్యెను. ‘తెలుగు’ అని వ్రాయగా మరల 129, మరల నిష్క్రమణము. ‘కృష్ణ’ అని వ్రాయగా ఈమారు 141.

“తాతయ్యా, వీడు మన ఫైలును వేరొక పట్టిక ముందు పెట్టుకొని చదువుచున్నాడు” అని ఆ అమ్మాయి చెప్పెను.

అది ఎట్లనిన, కంప్యూటరు అక్షరములను దాచదు, సంఖ్యలను దాచును. 0 మొదలు 255 వరకు గల ఒక్కొక్క సంఖ్యకు చాలినంత చోటును బైటు అందురు. ఏ సంఖ్య ఏ అక్షరమో తెలుపుటకు పట్టిక కావలెను. లోకములోని భాషలన్నిటికిని కలిపి ఏర్పరచిన యూనికోడులో 1991 నాటి మొదటి రూపమునుండియు తెలుగునకు స్థానము కలదు. ఆ సంఖ్యలను బైటులుగా పేర్చు యుటిఎఫ్8 అను పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి. ఈ పద్ధతిలో మన ప్రతి అక్షరమునకును, ప్రతి గుణింతపు గుర్తునకును మూడు బైటులు పట్టును. మొదటిది ఎల్లప్పుడు 224, రెండవది 176 గాని 177 గాని, మూడవది మారుచుండును. ‘రామ’ యనగా ర, దీర్ఘము, మ. మూడు మూళ్లు తొమ్మిది.

గ్రంథాలయపు కంప్యూటరు అమరికలోనున్నది వేరొక పాత పట్టిక. దాని సంఖ్య 1252. పశ్చిమ ఐరోపా భాషలకై ఏర్పడినది. అందు ఒక్కొక్క బైటునకు ఒక్కొక్క గుర్తు. ఆ పట్టిక ప్రకారము 224 తలపై గీతగల ‘ఎ’; 176 డిగ్రీ సున్న. రాముడు తొమ్మిది గుర్తులుగా చెదరిపోవుటకు కారణమిదియే. ఆ పట్టికలో 129, 141, 143, 144, 157 అను అయిదు గదులు ఖాళీ. మన కొమ్ము గుర్తులోని మూడవ బైటు 129. వత్తులను కలిపి కుట్టు పొల్లు గుర్తులోని మూడవ బైటు 141. కొమ్ము గాని వత్తు గాని లేని పుస్తకముల పేర్లు తెలుగున ఎన్ని దొరకును? అందుచేత దుబాసీ గడప దాటకయే తడబడుచుండెను. ఇందులో తెలుగు చేసిన నేరము లేదు. పాత పట్టికతో వ్రాసిన ఫైలులు లోకమున లెక్కకు మించి యుండుటచే ఆ అమరికను అట్లే నిలుపుకొనిరి. ఏ పట్టికతో చదువవలెనో మనము చెప్పనిచో, ఆ దుబాసీ తాను దిగిన ఇంటివారినడుగును. లినక్సు ఇంటివారు, మాక్ ఇంటివారు సాధారణముగా యుటిఎఫ్8 అందురు. ఈ ఇంటివారు 1252 అనిరి. అడిగినవాడును ధర్మముగానే అడిగెను. చెప్పినవారును తమ ఇంటి ఆచారమునే చెప్పిరి.

కావున మనమే ముందుగా చెప్పవలెను. 2018లో వచ్చిన 3.7వ రూపమునుండి పైథానునకు ఇందులకై ఒక మేలుకొలుపు మాట కలదు: అడ్డుగీత, పెద్ద ‘ఎక్స్’, ఒక ఖాళీ, యుటిఎఫ్8. అమ్మాయి దానిని వ్రాసెను. ఫలితము లేదు, మరల 129. ఆమె పంక్తిని మరల చదివి నాలుక కరచుకొనెను. ఆ మాట ప్రోగ్రాము ఫైలు పేరునకు తరువాత చేరినది. ప్రోగ్రాము పేరునకు ముందున్న మాటలు దుబాసీవి. తరువాత వచ్చునవి ప్రోగ్రామునకు చేరునవి. పెండ్లివారింట పురోహితునకు చెప్పవలసినది వంటవానితో చెప్పినట్లైనది. ‘ఎక్స్’ పెద్దదిగానే యుండవలెను. చిన్న ‘ఎక్స్’ కూడ ఒకటి కలదు. ప్రోగ్రాములోని మొదటి పంక్తిని విడిచి చదువుమని దాని అర్థము.

ఈసారి దుబాసీ పేరు, దాని వెంట మేలుకొలుపు మాట, చివర ఫైలు పేరు వ్రాసి ఆమె ఎంటర్ మీట నొక్కెను. మేమిద్దరమును ఊపిరి బిగబట్టి చూచుచుంటిమి. దుబాసీ ఏమియు పలుకలేదు. తెరపై క్రొత్త పంక్తి వచ్చి నిలిచినది. పైథానున మౌనము శుభసూచకము! క్రొత్తగా పుట్టిన ఫైలును నోట్‌ప్యాడులో తెరువగా, కొమ్ములతో, వత్తులతో, అకారాది క్రమమున నలువదియొక్క పుస్తకముల పేర్లు తెలుగున కనబడినవి. మిత్రుడు కండ్లజోడు సవరించుకొని వానిని పైకి చదువసాగెను. మొదటి రెండు పేర్లు చదువునప్పుడు గొంతు వణకినది. మూడవ పేరునుండి మామూలుగా, గ్రంథపాలకునివలె, చదివెను.

ఆ మాటను ప్రతిమారును వ్రాయుట కష్టమని అమ్మాయి దానిని రెండు పంక్తుల బ్యాచ్ ఫైలుగా చేసి తెరపై నుంచెను. తన లినక్స్ యంత్రమునకై అట్టి పిలుపునే షెల్ స్క్రిప్టుగా వ్రాసికొనెను. యంత్రములోని పరిసర చరములలో ఒకదానికి 1 అను విలువ నిచ్చి, ఇకమీదట లేచు ప్రతి పైథానునకును ఆ మాట వినబడునట్లు చేయవచ్చును. పెద్ద ‘ఐ’తో లేచిన సన్యాసి మాత్రము దానిని వినడు. మరునాడు ఆమె ప్రోగ్రాములోనే ఫైలును తెరచుచోట పట్టిక పేరును చేర్చినది. ప్రోగ్రాము మనదైనచో అదియే మేలైన పద్ధతి యని నా అభిప్రాయము. కాని ఒకరు వ్రాసిన ప్రోగ్రామును దిద్దు వీలు మనకు అన్నివేళల నుండదు. పిలుచు విధము మాత్రము ఎప్పుడును పిలుచువాని చేతిలోనిది.

మిత్రుడు ఆ మేలుకొలుపు పంక్తిని అట్టముక్కపై వ్రాసి యంత్రము ప్రక్కన అంటించెను. దాని క్రింద ఎఱ్ఱ సిరాతో “పెద్ద ఎక్స్” అని వ్రాసి రెండు గీతలు గీసెను. పిమ్మట నలువదియొక్క పేర్ల జాబితాను అచ్చు తీయించి నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనెను.

“తాతయ్యా, ఇప్పుడెక్కడికి?” అని మనుమరాలడిగెను.

“పుస్తకములు తెచ్చుటకు. ఇంటింటికి తిరుగుట దీనిచేత కాదు గదా!” అని ఆయన కంప్యూటరువైపు చూపి, గోడకు చేర్చియున్న సైకిలును తీసెను.